నేరేడు రంగు కారు తుడిచిన తోలుగుడ్డ

నేను ఒక తోలుగుడ్డను. కారు కడిగాక దాని ఒంటి మీద మిగిలిన నీటిని తీసేందుకు వాడే మెత్తని తోలుని. షాపువాళ్ళు నన్ను షామీ అన్నారు. డ్రైవర్లు తోలుగుడ్డ అన్నారు. డ్రైవర్ల చేతుల్లోనే ఎక్కువ కాలం బతికాను కాబట్టి నాకు ఆ పేరే అలవాటు.

నా పుట్టుక గొర్రెది. అరవదేశం వైపు ఒక తోళ్ళ కార్ఖానాలో ఆ గొర్రె చర్మాన్ని రెండు పొరలుగా చీల్చారు. పైపొర సంచులకీ చెప్పులకీ పోయింది. లోపలి పొరని చేపనూనెలో నానబెట్టి, దంచి, ఆరబెట్టి, మళ్ళీ నానబెట్టి నన్ను తయారుచేశారు. ఎండితే అప్పడంలా బిగుసుకుపోతాను. తడిస్తే పసిపిల్ల బుగ్గలా మెత్తబడతాను. ఒక ప్రాణి చర్మం ఒలిచి, ఇనపరేకు మీది రంగుకి గీత పడకుండా దానితో తుడుచుకోవడం మనుషులకే తట్టిన ఆలోచన. తప్పు పట్టడం లేదు. ఆ ఆలోచన లేకపోతే నేను లేను.

నా ఒంటినిండా కంటికి ఆనని రంధ్రాలున్నాయి. నీళ్ళు పీల్చుకునేది వాటితోనే. అయితే నీటికీ ఇసుకకీ తేడా చూసుకునే తెలివి వాటికి లేదు. ఒక్క ఇసుక రేణువు ఇరుక్కుంటే దానంతట అది రాలిపోదు. నన్ను పట్టుకున్న చెయ్యి కనిపెట్టి తీసేయాలి. నా మంచితనం ఎప్పుడూ నాది కాదు, నన్ను పట్టుకున్న చేతిది.

మొదటి చెయ్యి కొండయ్యది. కాకినాడలో ఒక నూనెమిల్లు యజమానికి ఆయన డ్రైవరు. మెయిన్ రోడ్డులో నన్ను కొని, ఇంటికి తీసుకెళ్ళి, మూడు రోజులు మంచినీళ్ళలో నానబెట్టి చేపనూనె వాసన వదిలించాడు. ఆ తర్వాతే కారుకి తాకించాడు. ఎనిమిదేళ్ళు ఆయన దగ్గర పనిచేశాను. ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. చివరి రెండేళ్ళలో నూకరాజు రాబట్టి ఆయన నోరు విప్పడం చూశాను.

నూకరాజు పెద్దాపురం వైపు మనిషి. అప్పటికి ముప్ఫై నిండినవాడు, పదేళ్ళు లారీ తోలినవాడు. మిల్లుకి రెండో డ్రైవరుగా వచ్చిన మొదటి రోజు, భుజం మీది తువ్వాలు తీసి కారు బానెట్టు మీది దుమ్ముని ఒక్క విసురున దులిపాడు. కొండయ్య తాగుతున్న టీ గ్లాసు కింద పెట్టి లేచాడు.

"లారీ అనుకున్నావేటి? ఆ దుమ్ములో ఏటుందో సూసేవా?"

"దుమ్మేనండి."

"దుమ్ము కాదు, రోడ్డు మీద ఇసక. పొడిగుడ్డెట్టి రుద్దితే ఉప్పుకాయితం ఎట్టి రుద్దినట్టే. ముందు నీళ్ళు పారనియ్యి. అది నాని, దానంతట అది జారిపోవాల. అప్పుడు ముట్టుకో."

నూకరాజు నవ్వలేదు, నొచ్చుకోలేదు. రెండో రోజు తెల్లవారక ముందే వచ్చి నిలబడ్డాడు. కొండయ్య నీడలో కారు పెట్టించి, పైకప్పు మీంచి కిందికి నీళ్ళు వదిలించాడు. సబ్బునీళ్ళకి ఒక బకెట్టు, గుడ్డ జాడించుకోవడానికి వేరే బకెట్టు. చక్రాలకి వాడిన గుడ్డ తలుపుల దాకా రాకూడదు. చివర్లో నన్ను పిండి, బానెట్టు మీద పరిచి, రెండు చివర్లు పట్టుకుని తనవైపు మెల్లగా లాక్కున్నాడు. నా వెనక నీటిచుక్క మిగల్లేదు.

"గుండ్రంగా తిప్పొద్దు. గుండ్రంగా తిప్పితే ఎండలో సాలెగూడు కనపడుద్ది. నిలువుగా, ఇలాగ. కిందడ్డ గుడ్డని మళ్ళీ ఉతక్కుండా బండికి తాకించేవంటే నువ్విక్కడుండవు."

నూకరాజు నేర్చుకున్నాడు. గురువుని మించి నేర్చుకున్నాడు. కొండయ్యది భయంతో కూడిన జాగ్రత్త, రంగు పాడైతే యజమాని ఏమంటాడోనని. నూకరాజుది అది కాదు. తుడవడం అయ్యాక ఒక అడుగు వెనక్కి వేసి, మెడ ఒక పక్కకి వంచి చూసుకునేవాడు. ఆ చూపు కోసమే ఆయన బండి కడిగేవాడని నాకనిపించేది.

మిల్లు మూతపడింది. కొండయ్యకి కళ్ళలో పొర కమ్మింది. వెళ్ళిపోతూ నన్ను మడిచి నూకరాజు చేతిలో పెట్టాడు. "నీకాడయితే ఇది బతుకుద్ది" అన్నాడు. అంతే. మళ్ళీ ఆయన్ని చూడలేదు.

నూకరాజు ఒక డాక్టరు వాడి వదిలేసిన కారు తీసుకుని టాక్సీగా తిప్పడం మొదలుపెట్టాడు. దాని రంగు నేరేడుపండు రంగు. నీడలో నల్లగా, ఎండలో ఎర్రగా కనబడేది. అలాంటి రంగు గీతని దాచదు. స్టాండులో మిగతా డ్రైవర్లు అదే చెప్పారు, తెల్లబండి తీసుకోవాల్సిందని. నూకరాజు వినలేదు. ఆ బండి పెళ్ళిళ్ళకి పేరు తెచ్చుకుంది. చుట్టుపక్కల ఊళ్ళలో ఎందరో పెళ్ళికొడుకులు దాని వెనకసీటులో చెమటలు కక్కుతూ కూచున్నారు.

పూలు కట్టేవాళ్ళతో మాత్రం ప్రతి పెళ్ళికీ గొడవే. వాళ్ళు టేపులతో అంటించబోయేవారు. టేపు పీకితే రంగు లేస్తుందని నూకరాజు అడ్డుపడేవాడు. పాత నేతచీర తడిపి బానెట్టు మీద పరిచి, దాని మీద పూలు పెట్టించి, దారాలు తలుపు సందుల్లోంచి లాగి లోపల కట్టించేవాడు. "పెళ్ళి మావోడికా, నీ బండికా" అని సామర్లకోటలో ఒక పెళ్ళిపెద్ద అడిగాడు. "ఇద్దరికీ అనుకోండి" అన్నాడు నూకరాజు.

ఆయన భార్య పేరు మరిడమ్మ. మేనత్త కూతురు కావడం వల్ల ఆయన్ని బావా అనే పిలిచేది. జగన్నాథపురంలో ఒక సందు చివర అద్దెవాటా వాళ్ళది. ముందు చిన్న వాకిలి, తూర్పున గోడ. బండి గోడవార నిలిచేది. మధ్యాహ్నం దాకా నీడ, ఆ తర్వాత ఎండ. పిల్లల్లేరు. ఆ మాట వాళ్ళు అనుకోవడం నేను వినలేదు. ఎదురింటివాళ్ళు అనుకోవడం విన్నాను.

ఇలా పదేళ్ళు గడిచాయి.

మాఘమాసంలో ఒక తెల్లవారుజామున, పది గంటలకి పెళ్ళి ఉందనగా, నూకరాజు బండి కడిగి, నన్ను బకెట్టులోంచి తీసి పిండబోయాడు. కుడిచెయ్యి మెలితిప్పింది. ఎడమచెయ్యి పట్టు వదిలేసింది. నేను ఒక చేతికి వేలాడిపోయాను. ఆయన ఎడమచేతిని ఎవరిదో అన్నట్టు చూశాడు. దాన్ని తొడకేసి రుద్దాడు.

"బావా, కాఫీ తెమ్మంటావా?" మరిడమ్మ లోపలినుంచి అడిగింది.

"ఆగు. తుడిసేసి వత్తాను."

"గొంతు అలాగుందేటి?"

"నిద్రమత్తు. చెయ్యి తిమ్మిరెక్కింది."

తుడవకుండా వదిలేస్తే బండి మీది నీళ్ళు ఆరి మచ్చలు కడతాయి. అందుకని ఆయన ఒక్క చేత్తోనే మొదలుపెట్టాడు. పిండకుండా నన్ను పరిచి, లాగి, విదిలించి, మళ్ళీ పరిచాడు. మామూలుగా అరగంట పని. ఆ రోజు రెండు గంటలు పట్టింది. మధ్యలో ఎడమకాలు రెండుసార్లు తడబడింది. బండికి ఆనుకుని నిలబడ్డాడు, మళ్ళీ తుడిచాడు. పక్కనే ఉన్న మనిషిని పిలిచి చెయ్యి రావడం లేదని చెప్పడానికి ఆయనకి తోచలేదు. నాకు నోరు లేదు. మరిడమ్మ కాఫీ గ్లాసుతో వచ్చేసరికి ఆయన వెనకచక్రానికి చేరగిలబడి కూచున్నాడు. మూతి ఒక పక్కకి జారిపోయింది. ఏదో అన్నాడు. ఒక్క మాటే తెలిసింది. "డిక్కీ మిగిలిపోయింది."

అబ్బులు అని స్టాండులో ఒక డ్రైవరు ఉన్నాడు. నూకరాజుని అన్నయ్యా అనేవాడు. అతనే పరుగున వచ్చి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. ఒక ఆసుపత్రి వాళ్ళు ఇంకో ఆసుపత్రికి పంపారు. మధ్యాహ్నమైంది. తెల్లవారి తిమ్మిరి మొదలైనప్పుడే తెచ్చుంటే మందు ఎక్కించేవాళ్ళం, ఇప్పుడు దాటిపోయింది అన్నాడట డాక్టరు. పదిరోజుల తర్వాత మరిడమ్మ ఆ సంగతి అబ్బులుతో చెబుతూ బండి తలుపు పట్టుకుని నిలబడిపోయింది. నేను దండెం మీద ఎండి బిగుసుకుని ఉన్నాను. ఆ రెండు గంటలూ ఆయన చేతిలో ఉన్నది నేనే.

నూకరాజు ఇంటికొచ్చాడు. ఎడమచెయ్యి పూర్తిగా, ఎడమకాలు సగం పోయాయి. మాట కొంచెం ముద్దగా అయినా వచ్చింది. ఇవి కాక ఇంకొకటి పోయింది. అది ఏమిటో మొదట ఎవరికీ తెలియలేదు. కంచంలో కుడివైపు అన్నమంతా తిని "కూరొండలేదేటే" అని అడిగేవాడు. కూర ఎడమవైపు ఉండేది. గడ్డం కుడిచెంపకే గీసుకునేవాడు. సర్కారు ఆసుపత్రి నుంచి వారానికి రెండుసార్లు వ్యాయామం చేయించడానికి వచ్చే సువార్త అనే అమ్మాయి వివరించింది.

"కళ్ళు బాగానే ఉన్నాయక్కా. మెదడే ఎడమవైపుని లెక్కలోకి తీసుకోవడం లేదు. ఎడమవైపు ఒక లోకం ఉందని ఆయనకి గుర్తు రాదు. మీరే గుర్తుచేస్తుండాలి."

మరిడమ్మ ఆ రోజు నుంచీ సగం భోజనం అయ్యాక కంచం తిప్పిపెట్టేది.

ఆమె రొయ్యల కంపెనీలో ఒలిచే పనికి చేరింది. తెల్లవారి వెళ్ళి రెండింటికి వచ్చేది. ఆదివారం మాత్రం బండి కడిగేది. నూకరాజు గుమ్మం పక్క మంచం మీద కూచుని చెప్పేవాడు.

"పైనుంచి, మరిడీ. పైనుంచి. నీళ్ళు పారనియ్యి."

"పారుతున్నాయి బావా."

"ఆ గుడ్డ జాడించేవా?"

"జాడించేను."

"సక్రాలగుడ్డ కాదు గదా అది?"

"పదేళ్ళనుంచి సూత్తున్నాను. ఆ మాత్రం తెలీదేటి నాకు?"

రొయ్యల మంచునీళ్ళకి ఆమె వేళ్ళు పగిలాయి. సబ్బునీళ్ళు తగిలితే మండేవి. నన్ను పిండేటప్పుడు పళ్ళు బిగబట్టేది. అయినా నిలువుగా, ఒక్క గీత లేకుండా తుడిచేది. బండిని చూసి ఆయన మొహం కాస్త తేటపడేది.

"ఆర్నెల్లు. ఆర్నెల్లలో చెయ్యొచ్చేత్తది. వైశాఖం పెళ్ళిళ్ళు పోతే పోనీ, శ్రావణం నాటికి నేనే తోల్తాను" అనేవాడు. అబ్బులు అప్పుడప్పుడు వచ్చి ఇంజను ఆన్ చేసి కాసేపు ఉంచి వెళ్ళేవాడు. బండి కొంటామని అడిగేవాళ్ళున్నారని ఒకసారి నసుగుతూ చెప్పాడు. నూకరాజు అతని వైపు చూడలేదు. అబ్బులు ఆయనకి ఎడమవైపు నిలబడ్డాడు కాబట్టి చూడలేదో, కావాలని చూడలేదో తెలియదు.

ఒక రోజు సువార్త కొత్త వ్యాయామం నేర్పింది. బల్ల మీద తువ్వాలు పరిచి, ఎడమ అరచెయ్యి దాని మీద పెట్టించి, దాని మీద కుడిచెయ్యి వేయించింది. "రెండు చేతులూ కలిపి బల్ల తుడుస్తున్నట్టు గుండ్రంగా తిప్పండి బాబాయ్. భుజం కదలాలి. చూస్తూ తిప్పండి. ఎడమచేతిని చూడండి."

"తుడవడమా?" నూకరాజు నోరు ఒక పక్కనుంచి నవ్వింది. "అది నాకు నేర్పక్కర్లేదమ్మా."

ఆయనకి ఆలోచన అప్పుడే వచ్చి ఉంటుంది. రెండు రోజులు బల్ల తుడిచాడు. మూడో రోజు మరిడమ్మ పనికి వెళ్ళాక, కర్ర పట్టుకుని మెల్లగా వాకిట్లోకి దిగాడు.

ఇంటి యజమాని మేడ మీద గది కట్టిస్తున్నాడు. గోడ పక్కన ఇసుక పోసి ఉంది. గాలికీ కూలీల కాళ్ళకీ అది వాకిలంతా పరుచుకుంది. నూకరాజు బకెట్టులోంచి నన్ను తీసి ఎడమభుజం మీద వేసుకున్నాడు, కుడిచేతిలో కర్ర ఉంది కాబట్టి. నాలుగడుగులు వేశాక నేను జారి ఇసుకలో పడ్డాను. ఆయనకి తెలియలేదు. బండి దగ్గరికి వెళ్ళి భుజం తడుముకుని, వెనక్కి వచ్చి, చాలాసేపు వెతికి, వంగి నన్ను అందుకున్నాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. కొండయ్య చెప్పింది ఆయన మరిచిపోలేదు. కింద పడ్డ గుడ్డని అలాగే వాడలేదు. నన్ను బకెట్టులో ముంచి ఒంటిచేత్తో జాడించాడు. పైకి తీసి, పరిచి, పరీక్షగా చూశాడు. కుడివైపు శుభ్రంగా ఉంది. ఎడమవైపు సగం మడతపడి, ఆ మడతలో పిడికెడు ఇసుక ఉంది. ఆయన చూపు దాని దాకా రాలేదు. తృప్తిగా తలూపాడు.

బానెట్టు మీద చెంబుతో నీళ్ళు పోశాడు. నన్ను పరిచాడు. ఎడమచేతిని కుడిచేత్తో ఎత్తి నా మీద పెట్టాడు. దాని మీద కుడిచెయ్యి వేసి తిప్పడం మొదలుపెట్టాడు. గుండ్రంగా, ఆ అమ్మాయి నేర్పినట్టు.

మొదటి చుట్టులోనే నాకు తెలిసింది. నా కింద రంగు కీచుమంది. ఆరోగ్యంగా ఉన్న చెయ్యి అయితే ఆ గరుకుని వెంటనే పట్టేసేది. నా మీద ఉన్నది ఎడమచెయ్యి. దానికి వేడీ లేదు, చల్లనా లేదు. పైనుంచి కుడిచెయ్యి తన బలమంతా వేసి నొక్కుతోంది. ఒకటి, రెండు, మూడు అని ఆయన పైకి లెక్కపెడుతున్నాడు. పద్దెనిమిదేళ్ళుగా నేను ఏ పని కోసం బతికానో దానికి ఎదురు పని ఆ ఉదయమంతా చేశాను.

ఇరవయ్యో ముప్ఫయ్యో చుట్లయ్యాక ఆయన ఆగాడు. ఎడమచేతి చిటికెనవేలి వైపు తల బాగా తిప్పి, కష్టపడి చూశాడు.

"కదిలింది" అన్నాడు. అక్కడ ఎవరూ లేరు. మళ్ళీ అన్నాడు. "వేలు కదిలింది."

ఆయన కళ్ళలోంచి నీళ్ళు కారాయి. కుడికంటి నీళ్ళు తుడుచుకున్నాడు. ఎడమకంటివి అలాగే చెంప మీదికి జారాయి. ఆ వేలు కదల్లేదు. అది నా మీద ఉంది, నాకు తెలుసు. కుడిచేతి బరువుకి వంగిందంతే. ఆయన ఇంకో వంద చుట్లు తిప్పాడు. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆయన అంత సంతోషంగా ఉండటం అదే మొదలు. అదే ఆఖరు కూడా.

మరిడమ్మ రెండు దాటాక వచ్చింది. అప్పటికి ఎండ గోడ దాటి బానెట్టు మీద పడుతోంది. నీడలో కనబడనిదంతా కనబడుతోంది. నేరేడు రంగు మీద తెల్లగా వలయాలు, ఒకదాని మీద ఒకటి, అద్దం దాకా. ఆమె భోజనం క్యారేజీ చేతిలో పట్టుకునే నిలబడిపోయింది.

"వచ్చేవా?" లోపలినుంచి నూకరాజు కేకేశాడు. "బానెట్టు సూసేవా? నేనే తుడిసేను. రెండు సేతుల్తోటి. వేలు కదిలింది మరిడీ."

ఆమె క్యారేజీ గుమ్మం మీద పెట్టింది.

"ఎలాగుంది?" మళ్ళీ అడిగాడు.

"బాగుంది బావా" అంది. "అద్దంలాగుంది" అంది.

నన్ను తీసుకెళ్ళి కొళాయి కింద పెట్టింది. మడత విప్పింది. ఇసుక గచ్చు మీద రాలింది. మిగిలినదాన్ని పగిలిన వేళ్ళతో ఒక్కొక్క రేణువే తీసింది. ఎంతసేపు తీసిందో. మధ్యలో ఒకసారి నన్ను మొహానికి అడ్డం పెట్టుకుంది. నేను నీళ్ళు పీల్చడానికే పుట్టాను. ఆ నీళ్ళూ పీల్చుకున్నాను.

ఆ మర్నాటి నుంచి ఆమె పనికి వెళ్ళేముందు వాకిలంతా ఊడ్చి, నన్ను బకెట్టులో కాకుండా బానెట్టు మీదే పరిచి వెళ్ళేది. ఆయన రోజూ వచ్చి తిప్పేవాడు. పొద్దున నీడలో ఆయన కంటికి అంతా నున్నగానే ఉండేది. మధ్యాహ్నం ఎండ వచ్చేవేళకి ఆమె ఆయన్ని లోపల పడుకోబెట్టేది. బండి మీద పాత దుప్పటి కప్పేది. ఎందుకు కప్పావని అడిగితే రంగు వెలిసిపోతుందని చెప్పింది. ఆయన మెచ్చుకున్నాడు. ఆ రెండు నెలలూ ఆ ఇంట్లో రెండు అబద్ధాలు నడిచాయి. ఒకటి ఆమెది. రెండోది ఆయన వేలిది. రెండూ నాకు తెలుసు.

ఆషాఢంలో సువార్త మరిడమ్మని గేటు దాకా పిలిచింది.

"అక్కా, మీకు చెప్పకుండా ఉంటే తప్పవుతుంది. చేతిలో కదలికేం లేదు. కుడిచెయ్యి తోస్తే ఎడమచెయ్యి కదులుతోంది. ఆయన అది తనదే అనుకుంటున్నారు."

"ఇక రాదంటావా?"

సువార్త వంగి చెప్పులు తొడుక్కుంది. "నడక కొంచెం బాగుపడొచ్చు. చెయ్యి రాదక్కా. ఎడమవైపు చూపు ఇలా ఉన్నంతవరకూ బండి నడపడం అన్నది అసలు లేదు."

"ఆయనతో అనకమ్మా."

"అనను. కానీ ఎన్నాళ్ళు?"

మరిడమ్మ ఆ సాయంత్రమే అబ్బులుకి కబురు పెట్టింది. నూకరాజుతో మాత్రం ఇంకోలా చెప్పింది. బండి నిలబడిపోతే పాడైపోద్ది, ఇది ఇచ్చేద్దాం, నీ చెయ్యి వచ్చాక వేరేది చూసుకుందాం అంది. ఆయన రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు "కొనేవోడు ఎలాటోడో సూసి ఇయ్యి. ఆడికి తుడవడం నేను నేర్పుతాను" అన్నాడు.

కొనేవాడిని అబ్బులు మధ్యాహ్నం మూడింటికి తీసుకొచ్చాడు. పొద్దున రమ్మని మరిడమ్మ చెప్పింది, అతనికి కుదరలేదు. సెల్ ఫోన్ల షాపు పెట్టుకున్న మనిషి. చెడ్డవాడేం కాదు. దుప్పటి లాగి, బానెట్టు చూసి, ఉన్నమాట అన్నాడు.

"ఎవరు తుడిచారండీ దీన్ని? ఇసకేసి తోమినట్టుంది."

మాట లోపలికి వినబడింది. మంచం కిర్రుమంది. అబ్బులు ఆపేలోపే నూకరాజు కర్ర మీద గుమ్మంలోకి వచ్చాడు. ఎండలోకి వచ్చాడు. బండి దగ్గర ఆగాడు. ఆయన చూసింది కుడివైపు సగమే. అదే చాలింది.

"మరిడీ."

"ఊఁ."

"నువ్వేనా?"

ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "నేనే బావా. గుడ్డ కిందడిపోయింది. సూసుకోలేదు."

"పదేళ్ళు నెత్తీ నోరూ కొట్టుకుని సెప్పేను." అన్నాడు నూకరాజు. "నాకు సెయ్యి లేదని, నేను సూణ్ణని, నీకు లెక్క లేకుండా పోయింది. ఎవర్ది ఈ బండి? ఎందుకు ముట్టుకున్నావు అంత సేతకానిదానివి?"

"తప్పయిపోయింది."

"తప్పంట. సిగ్గుండాల."

అబ్బులు తల దించుకున్నాడు. కొనేవాడు గోడ వైపు చూస్తున్నాడు. మరిడమ్మ చేతులు కట్టుకుని, తిట్లు వానలా పడుతుంటే అలాగే నిలబడింది. నేను దండెం మీద ఉన్నాను.

నూకరాజు కర్రని బండికి చేరేసి, కుడి అరచెయ్యి బానెట్టు మీద ఆనించాడు. ఎంత లోతుగా పడ్డాయో తడిమి చూద్దామని. చెయ్యి ఒక గీత వెంబడి కదిలింది. కదిలి, వంపు తిరిగి, మొదలైన చోటికే వచ్చింది. ఇంకోసారి కదిలింది. మళ్ళీ అక్కడికే వచ్చింది. ఆ చుట్టుకీ ఆయన భుజానికీ కొలత సరిపోయింది.

"మరిడీ, నువ్వు నిలువుగానే గదా తుడుత్తావు" అన్నాడు, చాలా నెమ్మదిగా.

ఆమె దండెం మీదున్న నా వైపు చూసింది.

"ఇవి గుండ్రంగా ఉన్నాయి."

మేడ మీద తాపీవాడు సిమెంటు కలుపుతున్న చప్పుడు వినబడుతోంది. నూకరాజు చెయ్యి బానెట్టు మీదే ఉంది. చాలాసేపు ఉంది. తర్వాత ఆయన ఆ చేతిని చొక్కాకి తుడుచుకుని, కొనేవాడి వైపు తిరిగాడు.

"పాలీసు ఒక్కసారే సేయించండి బాబూ. మాటిమాటికీ కొట్టిత్తే పైపూత పోద్ది." ఆ తర్వాత భార్యతో అన్నాడు. "తాళం ఇచ్చెయ్యే."

నేరేడు రంగు కారు ఆ సాయంత్రమే సందు దాటిపోయింది. ఆమెని తిట్టినందుకు ఆయన ఏమైనా అన్నాడేమో నాకు తెలియదు. ఆ రాత్రి నేను బయట దండెం మీదే ఉన్నాను. లోపలినుంచి మాటలు వినబడలేదు. మర్నాడు మరిడమ్మ నన్ను తీసి కిటికీ ఊచల మధ్య దోపింది.

తర్వాతి వారం సువార్త వచ్చి బల్ల మీద తువ్వాలు పరిచింది. నూకరాజు గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

"రెండు నిమిషాలు చేద్దాం బాబాయ్."

"వద్దమ్మా. ఆ చెయ్యి నాది కాదు."

ఆమె బతిమాలలేదు. ఆ చేతిని తన ఒళ్ళో పెట్టుకుని, ముడుచుకుపోతున్న వేళ్ళని ఒక్కొక్కటే విప్పి సాగదీసి వెళ్ళింది. ఇంకో నాలుగు వారాలు అలాగే చేసింది. తర్వాత ఆమెని వేరే ఊరికి వేశారు. ఆమె స్థానంలో ఎవరూ రాలేదు. వేళ్ళు నెమ్మదిగా పిడికిలిగా మూసుకున్నాయి. మరిడమ్మ రొయ్యల కంపెనీలో సాయంత్రం పని కూడా ఒప్పుకుంది. అబ్బులు రావడం తగ్గించి, ఆపై మానేశాడు. చెడ్డతనం కాదు. వచ్చి ఏం మాట్లాడాలో తెలియక.

నన్ను ఎవరూ తడపలేదు. కిటికీ ఊచల మధ్య దోపిన చోటే ఎండి, బిగుసుకుని, అంచుల వెంబడి చీలాను. తోలుగుడ్డకి అదే చావు. కొన్నాళ్ళు పడుతుంది, అంతే.

మేడ మీద గది పూర్తయ్యాక యజమాని కింది వాటా కూడా కలిపి వేరేవాళ్ళకి ఇస్తానన్నాడు. నూకరాజూ మరిడమ్మా రొయ్యల కంపెనీ పక్కన ఒంటిగదికి మారుతున్నారు. సామాను ఎక్కువేం లేదు, ఒక ట్రాలీ ఆటోలో పట్టింది. మంచం, రెండు పెట్టెలు, గిన్నెలు. మరిడమ్మ చివరిసారి ఇల్లంతా చూసి, కిటికీ దగ్గరికి వచ్చి, నన్ను ఊచల్లోంచి లాగింది. నేను ఆమె చేతిలో చిన్న ముక్కగా విరిగాను. ఆ ముక్కని కాసేపు చూసి, నన్ను మళ్ళీ అక్కడే పెట్టింది.

ఆయన్ని ఆటో వెనక, సామాను పక్కన కుర్చీ వేసి కూచోబెట్టారు. ఎడమచెయ్యి పక్కరేకు మీంచి బయటికి వేలాడుతోంది. ఆమె ఎక్కి, దాన్ని ఎత్తి ఆయన ఒళ్ళో పెట్టింది. ఆటో కదిలింది. కుదుపుకి అది మళ్ళీ జారింది. సందు ఇరుకు. చివర మలుపు దగ్గర ఆ చెయ్యి గరుకుగోడకి రాసుకుంటూ పోయింది. ఆమె చూసి గబుక్కున లోపలికి లాక్కుంది. రక్తం వచ్చిందేమో, పైట చెంగు అద్ది పట్టుకుంది. ఆయన కుడివైపు వెనక్కి పోతున్న ఇళ్ళనే చూస్తున్నాడు.